నాలుగయ్యేసరికి తలుపు దగ్గర గొడవ: లాక్‌డౌన్‌లో డిమెన్షియా ఉన్న పెద్దాయన ఇంట్లో ఏం చేశాం

ఇది 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఫోన్‌లోనూ వీడియో కాల్‌లోనూ నడిచిన కేసు. కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, వయసులు, గుర్తుపట్టడానికి వీలున్న ఇతర వివరాలు మార్చాను. మందుల నిర్ణయాలన్నీ ఆయన్ని ముందునుంచీ చూస్తున్న డాక్టరువి. ఇంట్లో దినచర్య, వస్తువుల అమరిక, సంరక్షకుల పని విభజన ఆక్యుపేషనల్ థెరపీ (రోజువారీ పనులు చేసుకోగలిగేలా ఇంటినీ అలవాట్లనూ సర్దే చికిత్స) వైపు నుంచి, అంటే మా వైపు నుంచి, జరిగినవి.

నేపథ్యం

పెద్దాయనకు 76 ఏళ్ళు. కోస్తాలో ఒక పట్టణం. బట్టల కొట్టులో గుమస్తాగా ముప్పై ఏళ్ళకు పైగా చేసి మానేశారు. భార్య లేరు. అల్జైమర్స్ (జ్ఞాపకం, తెలివి క్రమంగా తగ్గిపోయే డిమెన్షియాలో ఒక రకం) అని రెండేళ్ళ కిందట తేలింది. అప్పటికి మధ్యస్థ దశ: ఈ రోజు ఏ వారమో తెలియదు, పొద్దున ఏం తిన్నారో గుర్తుండదు, మనవడిని ఒక్కోసారి కొడుకు పేరుతో పిలుస్తారు. కానీ స్నానం, భోజనం, బట్టలు కట్టుకోవడం కాస్త సాయంతో చేసుకుంటారు. రాత్రి ఆ జబ్బుకిచ్చే మాత్ర డోనెపెజిల్ 5 మిల్లీగ్రాములు వేసుకుంటారు. బీపీ మాత్ర ఒకటి.

మేడమీద రెండు గదులు, హాలు, వంటగది ఉన్న వాటా. కొడుకుది ప్రైవేటు ఉద్యోగం, లాక్‌డౌన్‌తో ఆగిపోయింది. కోడలు డ్వాక్రా సంఘంలో ఉంది, ఇంట్లోనే మిషను కుడుతుంది. పదో తరగతి పరీక్షలు వాయిదా పడ్డ మనవరాలు, పదేళ్ళ మనవడు. మొత్తం ఐదుగురు.

లాక్‌డౌన్‌కు ముందు రోజూ నాలుగున్నర ప్రాంతంలో ఆయన ఒక్కరే బయటికి వెళ్ళి దీపాలు పెట్టే వేళకు తిరిగొచ్చేవారు. సందు చివర ఆంజనేయస్వామి గుడి ఉంది, గుడికే వెళ్తున్నారని ఇంట్లో వాళ్ళు అనుకునేవారు. వీధిలో అందరూ తెలిసినవాళ్ళే కాబట్టి భయం లేదు. ఈ ఒక్క వాక్యంలోనే కేసు మొత్తం ఉంది, కానీ అది తెలియడానికి మూడు వారాలు పట్టింది.

ఎదురైన సమస్య

మార్చి 25 నుంచి, అంటే ఆ ఏడాది ఉగాది రోజు నుంచి, దేశమంతా లాక్‌డౌన్. మొదటి వారం పెద్దాయన సర్దుకున్నారు. ఏప్రిల్ రెండో వారానికి సాయంత్రాలు భరించలేనివిగా మారాయి. గడియ లాగడం, “నన్ను బంధించారు” అని కేకలు, అడ్డొచ్చిన కోడలిని ఒకసారి తోసెయ్యడం. ఒక సాయంత్రం ఎవరూ చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోతే వీధి మలుపులో పోలీసులు ఆపి వెనక్కి పంపారు. రాత్రి నిద్ర లేదు. పక్కలో మూత్రం పోవడం కొత్తగా మొదలైంది. పగలు మాట్లాడుతూ మాట్లాడుతూ తూగిపోతున్నారు.

కుటుంబం అడిగింది ఒక్కటే: నిద్రమాత్ర.

మొదటి నిర్ణయం: ఇది డిమెన్షియానా, డెలిరియమా?

నిద్రమాత్ర ముందు వద్దనుకోవడానికి కారణం మార్పు వేగం. డిమెన్షియా నెలల మీద దిగజారుతుంది. వారం పది రోజుల్లో మనిషి మారిపోయాడంటే, అందులోనూ తెలివి ఒక గంట బాగుండి మరో గంట మబ్బుగా ఉంటే, శరీరంలో ఇంకేదో జరుగుతోందని అనుమానించాలి. దాన్నే డెలిరియం అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీళ్ళు తగ్గడం, కొత్తగా వేసుకున్న మందు, జ్వరం, షుగర్ తేడా — వీటిలో ఏదైనా తేగలదు. దీని మీద నిద్రమాత్ర వేస్తే మబ్బు పెరుగుతుంది, రాత్రి లేచినప్పుడు పడిపోయే ప్రమాదం ఉంటుంది. తుంటి విరిగితే ఆ రోజుల్లో ఆసుపత్రికి తీసుకెళ్ళడమే పెద్ద పరీక్ష.

వీడియోలో మందులన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ కెమెరాకు చూపించమన్నాం. మందుల పేర్లు చదివి చెప్పమంటే మనుషులు చీటీలో ఉన్నవే చదువుతారు. బల్ల మీద పెట్టమంటే చీటీలో లేనివీ వస్తాయి. అలాగే జలుబు మాత్రల పట్టీ ఒకటి బయటపడింది. పెద్దాయన రెండు రోజులు దగ్గితే కరోనా అని హడలిపోయి, మెడికల్ షాపులో అడిగి తెచ్చారు. పూటకొకటి చొప్పున పన్నెండు రోజులుగా వేస్తున్నారు, “వేస్తే కాస్త పడుకుంటున్నారు కదా” అని. అందులో మత్తు తెచ్చే అలర్జీ మందు క్లోర్‌ఫెనిరమిన్ ఉంది. డోనెపెజిల్ మెదడులో జ్ఞాపకానికి అవసరమైన ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం నిలిచి ఉండేలా చేస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్ దాని పనికి అడ్డుపడుతుంది. ఒక చేత్తో నీళ్ళు పోస్తూ ఇంకో చేత్తో తూము తీసినట్టు. పైగా అది మలాన్ని బిగిస్తుంది, మూత్రం పూర్తిగా రానివ్వదు.

నీళ్ళ లెక్క అడిగితే రోజుకు మూడు గ్లాసులు దాటడం లేదు. పక్క తడుస్తోందని కోడలే తగ్గించింది. విరేచనం అయి ఐదు రోజులు. బయట నలభై డిగ్రీలకు దగ్గరగా ఎండ.

లాక్‌డౌన్ మొదలైన రోజే, మార్చి 25న, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి కాబట్టి డాక్టరు వీడియోలోనే చూడగలిగారు. జలుబు మాత్ర ఆపించారు, విరేచనం సాఫీగా అవ్వడానికి లాక్టులోజ్ రాశారు, డోనెపెజిల్ రాత్రి నుంచి ఉదయానికి మార్చారు. రాత్రి వేసుకుంటే కొందరికి నిద్ర చెదురుతుంది, పీడకలలు వస్తాయి. ఇంటికొచ్చి తీసుకున్న నమూనాల్లో మూత్రంలో ఇన్ఫెక్షన్ లేదు, షుగర్ సరిగానే ఉంది. గుండెకు, కిడ్నీకి ఇబ్బంది లేదని డాక్టరు చెప్పాక నీళ్ళు పెంచాం: పొద్దున అరలీటరు సీసాలు మూడు నింపి పెట్టడం, మూడూ సాయంత్రం ఆరులోపు అవ్వడం. సీసాలైతే ఎంత మిగిలిందో ఇంట్లో ఎవరైనా చూసి చెప్పగలరు. మజ్జిగను కూడా ఆ లెక్కలోనే కలపమన్నాం. పడుకునే ముందు ఒకసారి, రాత్రి ఒంటిగంటకు ఒకసారి బాత్‌రూమ్‌కు తీసుకెళ్ళాలి, దారిలో జీరో బల్బు వెలగాలి.

ఎనిమిది తొమ్మిది రోజుల్లో పగటి తూగు పోయింది, పక్క తడవడం అరుదైపోయింది. మాట స్పష్టమైంది. సాయంత్రం గొడవ మాత్రం అలాగే ఉంది. అంటే మిగిలింది డెలిరియం కాదు. ఈ రెండూ విడదీయకుండా మొదలుపెట్టి ఉంటే, తర్వాత చేసినవాటిలో ఏది పనిచేసిందో ఎవరికీ తెలిసేది కాదు.

ఇంట్లో వాళ్ళు ప్రయత్నించినవి, అవి ఎందుకు తప్పాయి

మొదటిది, వివరించడం. “నాన్నా, బయట వైరస్ ఉంది, అందుకే వద్దంటున్నాం” అని కొడుకు పేపరు చూపించేవాడు, టీవీలో వార్తలు పెట్టేవాడు. పది నిమిషాల్లో కారణం మర్చిపోయేవారు, భయం మాత్రం మిగిలేది. ఈ దశలో సమాచారం నిలవదు, అది రేపిన భావం నిలుస్తుంది. టీవీలో అంబులెన్సు చప్పుడు వినబడితే తమ ఇంట్లోనే ఎవరికో ఏదో అయిందనుకునేవారు. వార్తలను కొడుకు ఫోన్‌కు, ఇయర్‌ఫోన్‌కు మార్పించాం. ఆ ఒక్క మార్పుకే ఇల్లంతా కాస్త నెమ్మదించింది, పిల్లలతో సహా.

రెండోది, తాళం. తాళం చూడగానే గుంజేవారు. తాళాన్ని మేం పూర్తిగా వద్దన్నాం. ఇంట్లో మంట అంటుకుంటే తాళంచెవి వెతికే సమయం ఉండదు, ఆయన మాట “బంధించారు” అన్నది నిజం కూడా అవుతుంది.

మూడోది డాబా. సాయంత్రం ఐదింటికి పైకి తీసుకెళ్ళి నడిపించమని చెప్పింది మేమే. నడక కొరత తీరుతుందన్న ఆలోచన. మొదటి రెండు రోజులు బాగుంది. తర్వాత పిట్టగోడ మీంచి ఖాళీ వీధి చూసి “అందరూ ఎటు పోయారు?” అని ఏడవడం, దిగేటప్పుడు మెట్ల మధ్య మలుపులో కిందికే వెళ్తానని మొండికెయ్యడం. డాబా నేల ఆ వేళకు ఇంకా కాలుతూనే ఉంటుంది. నడకను పొద్దున ఆరింటికి మార్చాం, పావుగంట. దానివల్ల రాత్రి నిద్ర బాగుపడింది, సాయంత్రం మారలేదు. అంటే ఆయనకు కావలసింది నడక కాదు.

నోటుపుస్తకం

మనవరాలికి నాలుగు గళ్ళు గీయించాం: టైము, అంతకుముందు ఏం జరిగింది, తాతయ్య ఏం చేశారు, తర్వాత ఎవరు ఏం చేశారు. “కోపంగా ఉన్నారు” అని రాయకూడదు, “గడియ మీద చెయ్యి వేశారు, ‘టైమైంది’ అన్నారు” అని రాయాలి. ఐదు రోజులు చాలు. అంతకు మించి ఎవరూ సరిగ్గా రాయరు.

ఐదు రోజుల కాగితాల్లో రెండు విషయాలు తేలాయి. గొడవ ఐదింటికి కాదు, మూడు నలభై ఐదుకే మొదలవుతోంది: మధ్యాహ్నం రెండున్నర గంటలసేపు పడుకుని లేచి, కొక్కేనికి ఉన్న తెల్లచొక్కా తీసి వేసుకుంటారు. ఆ పని నిశ్శబ్దంగా జరుగుతుంది కాబట్టి ఎవరికీ పట్టలేదు. రెండోది, ప్రతిరోజూ అదే మాట: టైమైంది.

దేనికి టైము? గుడికని కొడుకు నమ్మకం. అయితే గుడికి వెళ్ళే మనిషి స్నానం చేసో, కాళ్ళు కడుక్కునో బయల్దేరతాడు. ఈయన అవేమీ చెయ్యకుండా చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటున్నారు. పెన్ను సంగతి పుస్తకంలో మూడు చోట్ల ఉంది. అందుకే కొడుకును పాత షావుకారుకు ఫోన్ చెయ్యమన్నాం.

షావుకారు చెప్పింది విని ఇంట్లో వాళ్ళు నిర్ఘాంతపోయారు. పెద్దాయన రోజూ నాలుగున్నరకు కొట్టుకు వచ్చేవారట. టీ కొట్టు కుర్రాడు చక్కెర లేని టీ తెచ్చిచ్చేవాడు. కస్టమర్లు విప్పి వదిలేసిన చీరలు ఒక పక్క పడేసి ఉంచితే గంటసేపు కూర్చుని మడతలు పెట్టేవారు. దీపాలు పెట్టే వేళకు ఎవరో ఒకరు “బాబాయ్, గుడి టైమైంది” అని లేపేవారు. గుడిలో మూడు ప్రదక్షిణలు, తీర్థం. అక్కడి నుంచి పూజారి గారో, ఎదురింటివాళ్ళో సందు మలుపు దాకా చూసి పంపేవారు.

రోజుకు దాదాపు రెండు గంటల సంరక్షణ, జీతం లేకుండా, ఎవరూ దానికి ఆ పేరు పెట్టకుండా, వీధిలో జరిగిపోయేది. లాక్‌డౌన్ ఆ నలుగురినీ ఒక్కరోజులో తీసేసి వాళ్ళ పని మొత్తం కోడలి మీద పడేసింది. జబ్బు ముదిరిందని అందరూ అనుకున్నారు. తగ్గింది చేతులు.

పనిచేసినది

కొట్టును ఇంట్లోకి తేవాలి. మడత పెట్టడం చేతుల్లో ఉన్న జ్ఞాపకం. నిన్న ఏం జరిగిందో నిలుపుకునే జ్ఞాపకం పోయాక కూడా దశాబ్దాలు చేసిన పని చాలాకాలం నిలుస్తుంది.

మొదటి ప్రయత్నం తేలిపోయింది. ఆరిన బట్టల బుట్ట ముందు పెట్టి “మామయ్యగారూ, ఇవి మడత పెట్టండి, కాస్త కాలక్షేపం” అంది కోడలు. ఆయన తువ్వాళ్ళు పక్కకి నెట్టి లేచిపోయారు. మూడు దశాబ్దాలు కొట్టులో కొత్త గుడ్డ తానులు విప్పి చూపించిన మనిషికి ఇంట్లో వాడిన బట్టలు ఇచ్చాం. కాలక్షేపం అనడం ఇంకా పెద్ద పొరపాటు. అక్కర్లేని పని అని చెప్పేసినట్టు.

రెండోసారి ఇలా అమర్చాం. హాల్లో నవారు మంచం మీద తెల్లదుప్పటి ముడతల్లేకుండా పరవాలి. మోకాళ్ళ నొప్పి వల్ల ఆయన పక్కన కుర్చీలో కూర్చుంటారు. చీరలు ఆరు మాత్రమే. అంతకన్నా ఎక్కువైతే ఎటు మొదలుపెట్టాలో తెలియక చేతులు ఆగిపోయాయి. గంజి పెట్టిన నేత చీరలే వాడాలి: సింథటిక్ చీర జారిపోతుంది, మడత నిలవదు, నిలవకపోతే కోపం వస్తుంది. ఆరూ సగం విప్పి, అంచులు పైకి కనబడేలా ఉండాలి. నీట్‌గా పెట్టినవి ఇస్తే ముట్టుకోరు. మీటరు బద్ద కుడిచేతి వైపు. పెన్ను, పాత పద్దుల పుస్తకం ఎదురుగా. కత్తెర, గుండుసూదులు ఆ గదిలోనే ఉండకూడదు.

అడిగే మాట కూడా కొట్టు భాషలోకి మార్చాం, అక్కడ పార్టీ అంటే కస్టమరు. “పార్టీ చూసి వెళ్ళింది మామయ్యగారూ, మళ్ళీ సర్దాలి.” మొదటి రోజు ఆయన ఏమీ అనలేదు. చీర అంచు రెండు వేళ్ళతో పట్టి, గుడ్డను ఒకసారి విదిల్చి, మోచేతి దాకా సాచి, అంచు మీద అంచు కలిపి అరచేతితో ఒక్కసారి నిమిరారు. ఆరు చీరలకు నలభై నిమిషాలు. తర్వాత కోడలు వాటిని లోపలికి తీసుకెళ్ళి మళ్ళీ విప్పి రేపటికి ఉంచేది, ఆయన ఎదుట ఎప్పుడూ విప్పేది కాదు.

ఇది అబద్ధమాడటం కాదా అని కొడుకు అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. మా లెక్క ఇది: ఆయన్ని మోసం చేసి ఏదైనా లాక్కుంటున్నామా, లేక ఆయన ఉన్న చోటికి మనం వెళ్తున్నామా? సూటిగా “ఇది కొట్టేనా?” అని అడిగితే “కాదు నాన్నా, ఇల్లే, చీరలు సర్దుతున్నాం” అనే చెప్పాలని అనుకున్నాం. ఆయన ఒక్కసారి అడిగారు, ఆ జవాబు విని పని కొనసాగించారు.

కొన్నాళ్ళకు పని నిజమే అయ్యింది. ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున మాస్కులు పంచాలని నిర్ణయించి కుట్టే పని డ్వాక్రా సంఘాలకు ఇచ్చింది. కోడలికి గుడ్డ వచ్చింది. ఆ గుడ్డ కొలిచి, నాలుగు వరసలుగా మడత పెట్టడం మామగారి పని. కొలత ఒక్కోసారి అటూ ఇటూ అయ్యేది, ఆవిడ లోపలి గదిలో మళ్ళీ కొలుచుకునేది. కుట్టాక మాస్కులు ఉతికి ఇస్త్రీ చేసే పంపేవారు.

అయినా కొత్త చిక్కు వచ్చింది. చీరలు అయిపోగానే లేచి “ఇక ఇంటికెళ్తా” అని మళ్ళీ తలుపు వైపు. ఉన్నది ఇంట్లోనే. షావుకారు చెప్పిన వరస మళ్ళీ చూస్తే కారణం దొరికింది: కొట్టు తర్వాత గుడి, గుడి తర్వాత ఇల్లు. మేం కొట్టు దగ్గరే వదిలేశాం. ఆరింటికి మనవడు వచ్చి “తాతయ్యా, గుడి టైమైంది” అనాలి. చెప్పులు వదలడం, కాళ్ళూ చేతులూ కడుక్కోవడం (సబ్బుతో చేతులు కడిగించడానికి అంతకుముందు రోజూ పోరాటమే, గుడికని చెప్పాక వాదన లేదు), హాల్లో మంచం చుట్టూ మూడు ప్రదక్షిణలు, దేవుడి గూటి దగ్గర తులసి తీర్థం, చొక్కా విప్పి లుంగీ. చొక్కా కొక్కేనికి తిరిగి వెళ్ళాక తలుపు దగ్గరికి వెళ్ళడం దాదాపు ఆగిపోయింది.

చుట్టూ సర్దినవి కొన్ని ఉన్నాయి. మధ్యాహ్నం నిద్ర నలభై నిమిషాలు, కుర్చీలోనే. మూడున్నరకు టీ. హాల్లో ట్యూబులైటు నాలుగింటికే వెయ్యాలి, చీకటి పడ్డాక కాదు. వెలుగు తగ్గే కొద్దీ నీడలు మనుషుల్లా కనిపిస్తాయి, కిటికీ అద్దంలో తన బొమ్మే పరాయివాడైపోతుంది, అందుకే పరదా కూడా. తలుపుకు గోడ రంగు కర్టెన్, గడియ పైకి మార్చడం, తలుపు తీస్తే మోగేలా చిన్న గంట. చొక్కా జేబులో పేరు, కొడుకు ఫోన్ నంబరు ఉన్న కార్డు. ఇంటింటి సర్వేకు వచ్చిన వార్డు వాలంటీరుకు విషయం ముందే చెప్పి ఉంచారు.

తలుపు దగ్గరికి వెళ్ళిన రోజున ఎదురుగా నిలబడొద్దన్నాం. పక్కకు చేరి, ఆయన చూస్తున్న వైపే చూస్తూ, “ఏ చీరలొచ్చాయి నాన్నా ఈసారి?” అని అడిగి రెండడుగులు కలిసి వేసి మలుపు తిప్పాలి. కొడుక్కి ఇది చాలా కష్టమైంది. తండ్రి తనను తిడుతుంటే జవాబు చెప్పకుండా ఉండలేకపోయాడు. సాయంత్రం పూట అతన్ని కూరగాయల సంచులు కడగడానికి, మిగతా పనులకు మార్చి, పొద్దుటి నడక, స్నానం, రాత్రి ఒంటిగంట లేపడం అతనికిచ్చాం. ఆ వేళల్లో తండ్రితో అతనికి గొడవే రాదు. కోడలికి మధ్యాహ్నం గంటన్నర ఎవరూ పిలవకూడదు. మనవరాలికి నోటుపుస్తకం తప్ప ఇంకేమీ వద్దని గట్టిగా చెప్పాం, ఆ పిల్ల అప్పటికే పెద్దమనిషిలా ఇంటి బరువు మొయ్యడం మొదలుపెట్టింది.

తర్వాత

మే చివరికి తలుపు గొడవ వారంలో ఒకటి రెండు సార్లు. రాత్రి పదింటి నుంచి నాలుగున్నర దాకా నిద్ర. నిద్రమాత్ర అవసరం రాలేదు.

షావుకారుతో వీడియో కాల్ పెట్టి చూశారు. చిన్న తెరలో మొహం పోల్చుకోలేక కంగారుపడ్డారు. స్పీకరులో గొంతు వినిపిస్తే మాత్రం పేరుపెట్టి పలకరించారు. అప్పటినుంచి వారానికి రెండుసార్లు, ఐదింటికి, మాట మాత్రమే.

జూన్ మొదట్లో వీధి తెరుచుకుంది, 8 నుంచి గుళ్ళు తెరిచారు. 65 దాటినవాళ్ళు ఇంట్లోనే ఉండాలన్న సలహా మాత్రం మారలేదు. స్కూటర్ల చప్పుడు, పాలవాడి కేక వినబడేసరికి పాత గొడవ మళ్ళీ తలెత్తింది. ఈసారి కుటుంబం భయపడలేదు. కిటికీ మూసి, కొట్టు వేళను పావుగంట ముందుకు జరిపారు. చప్పుడు పెరిగే వేళకు ఆయన చేతిలో గుడ్డ ఉండేలా.

ఇలాంటి కేసు తీసుకునేవాళ్ళకు

ఇంట్లో వాళ్ళను అడిగే ప్రశ్నల్లో “బయట ఈయన్ని ఎవరెవరు చూసుకునేవారు?” అన్నది మొదటి కాల్‌లోనే ఉండాలి, ఆ మనుషులకు ఫోన్ కూడా అప్పుడే వెళ్ళాలి. కుటుంబానికి తెలిసిన దినచర్య సగమే.

చీరలు అందరికీ పనిచెయ్యవు. వంటమనిషిగా బతికిన ఆవిడకు చిక్కుడుకాయలు, కండక్టరుగా చేసిన ఆయనకు చిల్లర. పని దొరికాక దాని సరుకు, వరస, ముగింపు మూడూ అసలుదానిలా ఉండాలి. మేం సరుకులో ఒకసారి, ముగింపులో ఒకసారి తడబడ్డాం, రెండుసార్లూ ఫలితం ఆ సాయంత్రమే తెలిసింది.

మార్పు హఠాత్తుగా వచ్చినా, జ్వరం, వాంతులు, కింద పడటం, మాట ముద్దగా రావడం, ఒక పక్క బలహీనత, ఎంత లేపినా మబ్బుగా ఉండటం కనిపించినా ఇవేవీ మొదలుపెట్టకూడదు. ముందు డాక్టరు, అవసరమైతే 108.